మేజోడుకు మాస్టారి గొంతు

పోయిన వారం మా బడి వాట్సాప్ గ్రూపులో ఒక ఆదేశం వచ్చింది. ఉపాధ్యాయులందరూ తలా ఒక చేతిబొమ్మ తయారుచేసి, దానిచేత రెండు నిమిషాలు పాఠం చెప్పించి, వీడియో తీసి పంపాలట. కావలసిన సామగ్రి అన్న చోట "శుభ్రమైన మేజోడు ఒకటి" అని ఉంది. శుభ్రమైన అన్న మాట చేర్చక తప్పని పరిస్థితి ఎవరి వల్ల వచ్చిందా అని నేను ఆలోచిస్తుండగా, కొత్తగా చేరిన కుర్ర టీచర్లు ఇద్దరు వచ్చి, తమ బొమ్మలకు నన్ను గొంతు ఇమ్మన్నారు. నాకు చేతకాదన్నాను. సంతాప సభలో మైకు సరిచూస్తూ కూడా జనాన్ని నవ్వించినవాడినని నాకు పేరుంది కనుక వాళ్ళు నమ్మలేదు. అసలు కారణం వాళ్ళకు చెప్పలేదు. నాతోపాటు ఉద్యోగాల్లో చేరి, నాతోపాటే ఆ పది రోజుల శిక్షణలను సమోసాలతో కలిపి అరిగించుకున్న మీకైతే చెప్పవచ్చు. ముప్పై ఆరేళ్ళకే జ్ఞాపకాలేమిటని అడగకండి, నా జుట్టు ఇప్పటికే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంది.

అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండో ఏడు. ఉత్తర అండమాన్‌లో, బస్సు కూడా రెండుసార్లు ఆలోచించుకుని వచ్చే ఊళ్ళో పనిచేస్తూ ఉండేవాణ్ణి. శిక్షణకు రమ్మని కాగితం వస్తే రాజధాని పట్నానికి వచ్చి, హాడోలో అక్కావాళ్ళ క్వార్టర్‌లో దిగి, రోజూ మిడిల్ పాయింట్‌లోని హాలుకు వెళ్ళేవాణ్ణి. మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మొదటి రోజు మా చేత ఐస్ బ్రేకింగ్ అనే కార్యక్రమం చేయించాడు. మా నాన్న ఆ పట్నంలోనే జంగ్లీఘాట్ చేపల రేవులో ముప్పై ఏళ్ళు రోజూ తెల్లవారేసరికి ఐసు పగలగొట్టాడు, ఆయనకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ తరువాత గ్రూపుకొక చార్టు, నాలుగేసి స్కెచ్ పెన్నులు ఇచ్చారు, నాలుగింటిలో మూడు మాకంటే ముందే ఎండిపోయి ఉన్నాయి. తరగతిలో పిల్లలను ఏ పనులకు బెంచీ ఎక్కిస్తామో ఆ పనులన్నీ ముప్పై మంది ఉపాధ్యాయులం మూడో రోజుకల్లా చేయసాగాము. వెనక వరస కోసం పోట్లాడుకున్నవాళ్ళలో హెడ్మాస్టర్లు కూడా ఉన్నారు.

ఎనిమిదో రోజు పొద్దున బొమ్మలాట. మేజోళ్ళకు గుండీలు కుట్టి కళ్ళు పెట్టి, బల్ల వెనక దాక్కుని ఒక్కొక్కరే పాఠం చెప్పాలి. నా మేజోడుకు నేను తీగతో కళ్ళజోడు చేసి పెట్టాను. ఎందుకంటే నాకు చిన్నప్పటినుంచి బాగా వచ్చిన గొంతు ఒకటే, ఆరు నుంచి ఎనిమిది దాకా మాకు తెలుగు చెప్పిన మాస్టారిది. మాట మొదలుపెట్టే ముందు ఆయన గొంతు సవరించుకుంటే ఓడ లంగరు గొలుసు పైకి లాగినట్టుండేది. పిల్లలందరినీ ఆయన దొరగారూ అనే పిలిచేవారు, ఆ పిలుపులో మర్యాద ఎంత ఉండేదో మా చెవులకు తెలుసు. ఆయనకు అన్నింటికీ తొందరే. గంట కొట్టక ముందే తరగతిలో ఉండేవారు, మేము పుస్తకం తెరిచేలోగా పద్యం సగం అయిపోయేది. నేను ఆ గొంతుతో, హోంవర్కు సముద్రంలో పడిపోయిందన్న పిల్లవాణ్ణి, ఆ కాగితం ఎంత దూరం కొట్టుకుపోయిందో వివరం అడుగుతుంటే హాలంతా పడీ పడీ నవ్వింది. తెలుగు రాని పెద్దమనిషి కూడా నవ్వాడు. నవ్వనిది ఒక్కతే, చివరి వరసలో కూర్చున్న కొత్త టీచరు. హాస్యం తెలియని మనిషి అనుకుని, ఆమె కోసమని ఇంకాస్త పొడిగించాను.

టీ వేళ మా గ్రూపులోని పెద్ద టీచరమ్మ, మాస్టారి వీధిలోనే ఉండే ఆవిడ, నన్ను పక్కకు పిలిచి చెప్పింది. మాస్టారు పోయి నాలుగు నెలలైందట. చెన్నై ఆస్పత్రికి తీసుకువెళ్ళారు, అక్కడే పోయారు, అక్కడే దహనం చేసి వచ్చారు. మాస్టారి తల్లికి గుండె బలహీనం కనుక ఆమెకు చెప్పలేదు, ఆమె చెవిన పడకూడదని ఎవరికీ చెప్పలేదు, జంగ్లీఘాట్‌లో వాళ్ళ వీధి దాటి ఆ మాట బయటకు రాలేదు. అందుకే అంత దూరాన ఉన్న నాకు తెలియలేదు. నవ్వని ఆ అమ్మాయి మాస్టారి కూతురు. సమోసా విషయంలో నేను వెనకడుగు వేసిన సందర్భం నా సర్వీసులో ఆ రోజు ఒక్కటే.

మధ్యాహ్నం ఆ అమ్మాయి తానే నా దగ్గరకు వచ్చింది. నేను క్షమాపణ మనసులో మూడుసార్లు దిద్దుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె దాన్ని మొదలుపెట్టనివ్వలేదు.

"భయ్యా, నాన్నమ్మతో ఒక్కసారి నాన్నగారిలాగ మాట్లాడతారా? బస్, దో మినట్."

ముసలామె మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదట, మందు బిళ్ళ ఊసేస్తోందట. కొడుకు ఫోన్ చేస్తేగానీ తిననని కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆస్పత్రిలో ఫోను పట్టనివ్వరని, గొంతుకు ఆపరేషనని, వీధిలో తలా ఒక అబద్ధం చెప్పి నెట్టుకొచ్చారు, చేపల దుకాణంవాళ్ళు, ఆటోవాళ్ళు, ఆఖరికి ఆ వీధిలో ఆడుకునే పిల్లలు కూడా. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

హాజరు పలికేటప్పుడు ఒకరి బదులు ఇంకొకరు పలికితే చెవి మెలిపెట్టే ఉద్యోగం మాది. ఆ సంగతి ఆమెకు గుర్తు చేయాలనే అనుకున్నాను. సరేనన్నాను. అయిదు నిమిషాల్లో పాఠ్య ప్రణాళిక కూడా వేసుకున్నాను. ముసలామె ఎప్పుడొస్తావని అడుగుతుంది, ఓడ టికెట్టు దొరకలేదని నేను చెబుతాను, ఈ దీవుల్లో ఆ మాటను అనుమానించేవాళ్ళు ఇంకా పుట్టలేదు. తరువాత అన్నం తినమని, మందు వేసుకోమని చెప్పి పెట్టేస్తాను.

హాలు వెనక నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడ్డాము. ఇంటి దగ్గర వాళ్ళ పిన్ని ఫోను ముసలామె చెవికి ఆనించింది. ఈ అమ్మాయి తన ఫోను స్పీకర్ పెట్టి నా నోటి ముందు పట్టుకుంది. నేను గొంతు సవరించుకుని, అమ్మా అన్నాను.

 నెట్‌వర్క్ పోయిందనుకున్నాను, ఆ రోజుల్లో అది ఉన్నప్పుడే ఆశ్చర్యపడేవాళ్ళం.

"తిన్నావేటి నాయినా?"

తిన్నానన్నాను.

"నొప్పి తగ్గిందా?"

అస్సలు లేదన్నాను. ఆ రోజు నేను చెప్పిన నిజం అదొక్కటే అయి ఉంటుంది. టికెట్టు మాట నాలుక చివర పెట్టుకుని ఎదురుచూస్తున్నాను. ఎప్పుడొస్తావని ఆమె అడగలేదు.

"అయితే ఇంక నువ్వు రాకు నాయినా. అంత సముద్రం దాటుకోని నువ్వేటొస్తావు. నానే వచ్చెత్తాను."

నా పాఠ్య ప్రణాళిక అక్కడితో అయిపోయింది.  నేను ఏం చెప్పాలో ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను, అంతలో నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"తొందరేం లేదమ్మా."

ముసలామె చిన్నగా నవ్వింది. సరేలే, కూడు చల్లారిపోతంది అని, చెవి దగ్గర ఫోను తీసేయమంది.

ఆ అమ్మాయి ఫోను కట్టేసి బ్యాగులో పెట్టుకుంది. తరువాత, నాన్నమ్మ ఏది అడిగినా నాన్నగారు ఇంట్లో సరిగ్గా అదే మాట అనేవారని, ఆ సంగతి నాకు ఎవరు చెప్పారని అడిగింది. ఎవరూ చెప్పలేదు. బడిలో ఆయన నోట నేను ఆ మాట ఒక్కనాడూ వినలేదు. అనుకరణ చేసేవాడికి ఏ గొంతు మెడలో ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది, మాస్టారి గొంతు నాకు ఎక్కడ పుడుతుందో అప్పటికే పన్నెండేళ్ళుగా తెలుసు. ఆ మాట అక్కడినుంచి రాలేదు. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, శిక్షణల మీద ఉన్నంత కూడా లేదు. అయినా ఆ మధ్యాహ్నం తరువాత నేను ఆ గొంతు జోలికి, అసలు ఏ గొంతు జోలికీ వెళ్ళలేదు. మళ్ళీ తలుపు తీస్తే ఎవరు వస్తారో తెలియకుండా తీయడం ఎందుకు?

మధ్యాహ్నం తరువాతి పాఠం, శ్రద్ధగా వినడం ఎలా అన్నది. నేను ఒక్క ముక్క వినలేదు. సాయంత్రం ఫారంలో, ఈ రోజు మీరు నేర్చుకున్నదేమిటి అన్న ప్రశ్న కింద ఖాళీగా వదిలేస్తే పెద్దమనిషి తిరిగి ఇచ్చాడు. బాగుంది అని రాసి ఇచ్చాను.

ముసలామె ఆ రోజు అన్నం తింది, మందు వేసుకుంది. ఆ తరువాత రెండేళ్ళకు పైగా బతికింది. కొడుకు ఎప్పుడొస్తాడని మాత్రం మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదని ఆ అమ్మాయి నాకు చెప్పింది. ముసలామె పెద్దకర్మ నాడు వాళ్ళింటికి వెళితే ఇద్దరి ఫోటోలకూ ఒకే దండ వేసి ఉంది. మాస్టారి ఫోటో గోడకెక్కడం అదే మొదటిసారి.

ఇప్పుడు నెట్‌వర్క్ బాగుంది. సముద్రం అడుగున తీగ వేశారు. ఒక మనిషి పోతే అరగంటలో దండ వేసిన ఫోటో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు యాభై వచ్చేస్తాయి, నేనూ జోడిస్తాను, ఎవరు పోయారో తరువాత చదువుకుంటాను. అలాంటి అబద్ధం ఇప్పుడు ఒక పూట నిలవదు. అప్పుడప్పుడు పని మీద మాస్టారి వీధిన వెళుతుంటాను. అన్నాళ్ళూ దాచిపెట్టింది వీధి ఒక్కటే కాదని అప్పుడు అనిపిస్తుంది. ఇంతమంది ఇంత కష్టపడి, ఒకరి అబద్ధానికి ఒకరు ఆసరా ఇస్తూ, తన కోసం తంటాలు పడుతున్నారు కదా అని, ముసలామె కూడా ఏమీ తెలియనట్టు కూర్చుని వాళ్ళ పరువు కాపాడింది. దాచే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. తెలిసీ తెలియనట్టు ఉండే ఆ మర్యాద ఆమెతోనే పోయినట్టుంది.