ఏడుపు ఆపే పని

పాస్టరుగారి భార్యకి జీతం ఉండదు, పనులు మాత్రం ఉంటాయి. ఆదివారం పిల్లలకి పాటలు నేర్పాలి, స్త్రీల కూడికలో ప్రార్థన చెయ్యాలి, బాలింతల్ని చూసిరావాలి, ఎవరింట్లో మొగుడూ పెళ్ళాలు కొట్టుకున్నా వెళ్ళి మధ్యలో కూర్చోవాలి. వీటన్నిటికంటే నాకు ఎక్కువ పేరు తెచ్చిన పని ఇంకోటి ఉంది. చావింట్లో ఏడుపు ఆపటం.

చెబితే నవ్వొస్తుందేమో గానీ, అది నిజంగా పనే. డెబ్భైల చివర్లో మా ఆయన్ని జగ్గయ్యపేటకి ఇవతల, మునేరు దగ్గరున్న ఓ ఊరికి పంపించారు. ఊరికి ఎడంగా ఉన్న పేటలో చర్చి, దాని గోడకి ఆనుకుని మా రెండు గదుల ఇల్లు. పేటలో అందరూ ఆసాముల పొలాల్లో కూలికెళ్ళేవాళ్ళే. అమ్మానాన్నల కాలంలోనే క్రీస్తుని నమ్ముకున్న కుటుంబాలు. పాటలకి వచ్చేవాళ్ళు, ప్రార్థనకి వచ్చేవాళ్ళు, ఉన్నదాంట్లోనే మాకింత పెట్టేవాళ్ళు. చావొస్తే మాత్రం వెనకటి పద్ధతే. ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుని, రాగం తీసి శోకాలు పెట్టేవాళ్ళు. పోయిన మనిషి పుట్టిన దగ్గర్నుంచీ తిన్నదీ, కట్టుకున్నదీ, అలిగిందీ అన్నీ వరసపెట్టి ఆ రాగంలోకి వచ్చేవి.

మా మిషన్ పెద్దలకి అది గిట్టేది కాదు. పరలోకంలో మళ్ళీ కలుస్తామన్న ధైర్యం ఉన్నవాళ్ళు కూడా అట్లా ఏడిస్తే ఇక తేడా ఏముంది అనేవాళ్ళు. వాకిట్లో డప్పు మాన్పించటం మగవాళ్ళ వల్ల అయింది. లోపల ఆడవాళ్ళ గొంతులు మాన్పించటం కాలేదు. అది నా నెత్తిన పడింది.

దానికో పద్ధతి ఉంది. వెళ్ళగానే శవం తలవైపు కూర్చోవాలి. అందరికంటే గట్టిగా ఏడ్చేదెవరో చూసుకోవాలి, ఎందుకంటే ఆమె ఆగితే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతారు. ఆమె మణికట్లు రెండూ పట్టుకోవాలి. నొప్పి పుట్టేట్టు కాదు, గుండెల మీద కొట్టుకోటానికి వీల్లేకుండా. చెవి దగ్గర రెండు మాటలు చెప్పాలి. ఊపిరి తీసుకోటానికి ఆమె ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, అప్పుడు పాట ఎత్తుకోవాలి. వెనకున్న ఆడవాళ్ళు అలవాటు కొద్దీ అందుకుంటారు. ఇక ఆమె ఒక్కతే ఏడవలేదు, పాట మధ్యలో తన గొంతు తనకే ఎబ్బెట్టుగా వినపడుతుంది. ఇదెవరూ నాకు నేర్పలేదు. నా తెలివే.

నాకు ఏడుపంటే మొదట్నుంచీ చిన్నచూపు. మా అమ్మ వల్ల వచ్చింది. నాన్న నందిగామలో బడిపంతులు. అమ్మకి మాట కంటే ముందు కన్నీళ్ళొచ్చేవి. పక్కింటివాళ్ళ గేదె చచ్చిపోతే వాళ్ళకంటే ఎక్కువ ఏడ్చింది. నేను హాస్టలుకి వెళ్ళేప్పుడు బస్టాండులో కొంగు నోట్లో కుక్కుకుని వెక్కిళ్ళు పెట్టేది. టీ కొట్టు దగ్గరివాళ్ళంతా చూస్తుంటే నేను ఆవిడెవరో నాకు తెలియనట్టు అటు తిరిగి నిలబడేదాన్ని. చదువుకున్న ఆడపిల్లకి అదంతా మోటుగా కనపడేది. అందుకే మిషన్ పెద్దలు ఏడుపు మాన్పించమంటే, దేవుడి సంగతి పక్కన పెట్టండి, నాకు మనసులో ఎక్కడో హాయిగానే ఉంది.

పేటలో అందరూ అక్కా అని పిలిచే ఒకావిడ ఉండేది. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ మాత్రం వయసులో ఎంతో చిన్నదాన్నైన నన్ను అమ్మగారూ అనేది. భర్త పోయాడు, ఒక్కడే కొడుకు. నా మొదటి కాన్పప్పుడు నాకు నీళ్ళు పోసిందీ, బిడ్డని కాళ్ళ మీద వేసుకుని రుద్దిందీ అక్కే. పిల్లాడికి కడుపునొప్పంటే నాకంటే ముందు ఆవిడకే తెలిసేది. అక్క కొడుకు చర్చిలో కంజీర వాయించేవాడు. వాడికి తాళం ఎప్పుడూ కుదిరేది కాదు. పాట అయిపోయాక కూడా వాడి దెబ్బ ఒకటి మిగిలిపోయేది. అందరం నవ్వేవాళ్ళం, ముందు వాడే నవ్వేవాడు.

ఒక వానాకాలం పత్తిచేలో పురుగుమందు కొడుతూ వాడు పడిపోయాడు. ఎండ, ఖాళీ కడుపు, గాలి ఎదురు. జగ్గయ్యపేట ఆసుపత్రికని ఎడ్లబండి కట్టారు గానీ సగం దారిలోనే బండి వెనక్కి తిప్పారు. నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టి ఉన్నాడు. అక్క అప్పుడే రాగం అందుకుంది. కడుపులో పడ్డ రోజు నుంచి మొదలుపెట్టింది. వేవిళ్ళప్పుడు చింతకాయలు కోసుకొచ్చిన మొగుణ్ణి తలుచుకుంది, వాడు పాకిన గడపని తలుచుకుంది. ఇంకా వాడి చిన్నతనంలోనే ఉంది.

నేను తలవైపు కూర్చుని ఆవిడ చేతులు పట్టుకున్నాను. "అక్కా, ఏడవకూడదు. వాడు మంచిచోటికి వెళ్ళాడు. నువ్వే ఇట్లా అయితే మిగతావాళ్ళ సంగతేంటి?" అన్నాను. ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది. కోపం లేదు. నిజంగా ఏడవకూడదా అని అడుగుతున్నట్టు చూసింది. నేను తలాడించి పాట ఎత్తాను. ఆవిడ నోరు మూసుకుంది. ఆ తర్వాత సమాధి దగ్గర కూడా తెరవలేదు.

కొడుకు పనిచేసిన చేను తాలూకు ఆసామి ఇంట్లోవాళ్ళు చూడ్డానికొచ్చి, "ఒక్కగానొక్క కొడుకు పోతే ఇంత నిబ్బరమా!" అని ముక్కున వేలేసుకున్నారు. మా ఆయన ఇంటికొచ్చాక, "నా ప్రసంగాలన్నీ ఒకెత్తు, ఇవాళ నువ్వు చేసింది ఒకెత్తు," అన్నాడు. నాకు గొప్పగా అనిపించింది. ఆ పూట అన్నం కూడా బాగానే తిన్నాను. ఇదిప్పుడు రాస్తుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియటం లేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఎండాకాలంలో జగ్గయ్యపేటలో పెద్ద పందిరేసి సువార్త కూటాలు పెట్టారు. దేవుడు తనని ఎట్లా నిలబెట్టాడో అక్క చేత అందరి ముందు సాక్ష్యం చెప్పిద్దామని మా ఆయనకి తోచింది. అక్క మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు, భయపడింది. నేనే కూర్చోబెట్టి నేర్పాను. ముందు కొడుకు సంగతి చెప్పు, చేలో పడిపోయిన సంగతి చెప్పు, అక్కడ కాసేపు ఆగు, ఆ తర్వాత "నేను ఏడవలేదు" అను. ఆగమన్న చోట అక్క సరిగ్గా ఆగింది. పందిరంతా నిశ్శబ్దం అయిపోయింది. "నేను ఏడవలేదు" అనగానే స్తోత్రం, స్తోత్రం అని కేకలు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. చూడండి, ఆవిడ కొడుకు కోసం ఊరూపేరూ తెలియనివాళ్ళంతా ఏడుస్తున్నారు, ఆవిడొక్కతే ఏడవకుండా నిలబడింది. నాకది అప్పుడు తట్టలేదు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని, "బాగా చెప్పానా అమ్మగారూ?" అని అడిగింది.

"చాలా బాగా చెప్పావక్కా," అన్నాను.

అక్కణ్ణించి కంచికచర్లలో పిలిచారు, కీసరలో పిలిచారు. ప్రతిచోటా అవే మాటలు, అదే చోట ఆగటం. పోనుపోను ఆ మాటల్లో కొడుకు లేకుండా పోయాడు. బస్సు టైము చెప్పినట్టు చెప్పేది. ఇంటికొచ్చాక తన గుడిసెకి వెళ్ళకుండా మా అరుగు మీదే కూర్చునేది. ఏమైనా తిన్నావా అంటే, తిన్నానో లేదో గుర్తులేదనేది. మా పిల్లాడు వచ్చి ఒళ్ళో కూర్చుంటే చెయ్యి వేసేది గానీ, మనిషి అక్కడ ఉండేది కాదు. పక్కింటి ఆడవాళ్ళు నాతో మెల్లగా అన్నారు, ఒక్కోసారి గోడకానుకుని నోరు తెరుచుకుని అట్టాగే కూర్చుంటుందమ్మగారూ, గొంతులోంచి ఏమీ రాదు అని.

అప్పటికి నాకు భయం పట్టుకుంది. ఇక అక్కని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దని మా ఆయనతో అన్నాను. "ఆవిణ్ణి చూసి ఎంతమంది ఆదరణ పొందుతున్నారో నీకు తెలీదు," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే అట్లా నమ్మాడు. నేను రెట్టించలేదు. అక్కనైనా ఒక్కసారి కూర్చోబెట్టి, నీ లోపల ఎట్లా ఉందక్కా అని అడగొచ్చు. అడగలేదు. అడిగితే ఆవిడ చెబుతుంది. చెబితే నేను వినాలి. పేటలో చావింటికి వెళ్ళాల్సి వస్తే ఒంట్లో బాగాలేదని తప్పించుకోవటం మొదలుపెట్టాను. నేను వెళ్ళకపోతే, ఇన్నాళ్ళూ నన్ను చూసి నేర్చుకున్న ఆడవాళ్ళు నా బదులు వెళ్ళి, నాకంటే బాగా ఆపి వచ్చేవాళ్ళు.

ఎనభైల మొదట్లో మా అమ్మ పోయిందని నందిగామ నుంచి కబురొచ్చింది. మేం వెళ్ళేసరికి చాప మీద పడుకోబెట్టి ఉంది. మా పెద్దమ్మ అమ్మ కాళ్ళు పట్టుకుని గట్టిగా శోకం పెడుతోంది. నేను తలవైపు కూర్చున్నాను. అది నాకు అలవాటైన చోటు. ఎదురుగా సంఘపెద్దలు, మా ఆయనతో పాటు పనిచేసే పాస్టర్లు, వాళ్ళ భార్యలు. నేను ఎట్లా ఉంటానో చూడ్డానికే వచ్చినట్టు అనిపించింది. ఏడిస్తే ఇన్నాళ్ళూ చెప్పిందంతా బూటకమైపోతుంది. నేను ఏడవలేదు. పక్కనున్నావిడ నా భుజం తట్టి, నువ్వు చాలా ధైర్యవంతురాలివి అంది.

మధ్యాహ్నం బస్సుకి మా పేట ఆడవాళ్ళొచ్చారు. కూలి మానుకుని, ఉన్నంతలో మంచి చీరలు కట్టుకుని వచ్చారు. లోపలికి రాగానే అక్క అంతా ఒకసారి కలియజూసింది. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది మా పెద్దమ్మని కనిపెట్టింది. నేరుగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది. "అట్టా ఏడవకూడదమ్మా. చెల్లెలు మంచిచోటికి వెళ్ళిందిగా," అని చెప్పి, పెద్దమ్మ ఊపిరి తీసుకునే సందులో పాట ఎత్తింది. వెనక మావాళ్ళంతా అందుకున్నారు.

పెద్దమ్మ చేతులు విదిలించుకుంది. "ఎవరే నువ్వు నన్ను ఆపటానికి? నా చెల్లెలు పోయింది, నేను ఏడవకపోతే ఎవరేడుస్తారు? దీని కడుపున పుట్టింది ఎట్టాగూ ఏడవట్లేదు!" అని అరిచింది.

పాట ఆగిపోయింది. అందరూ నావైపు చూశారు. భూమి రెండుగా చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. అక్క కూడా నన్నే చూస్తోంది. ఎక్కడ పొరపాటు చేసిందో తెలియని పనిమనిషిలా బెదిరిపోయింది. నేను లేచి అక్క చెయ్యి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళాను.

"తప్పు చేశానా అమ్మగారూ? మీరు చేసినట్టే చేశాగా," అంది.

"నువ్వేం తప్పు చెయ్యలేదక్కా. నేను నేర్పిందే తప్పు."

అక్కకి అర్థం కాలేదు. నేను ఇంకేం ఆలోచించలేదు, నోటికొచ్చింది అనేశాను. "నీ కొడుకు కోసం ఏడువక్కా. ఆ రోజు నిన్ను ఏడవనియ్యలేదు. ఇక్కడెవరూ లేరు, ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా ఏడువు. నేను ఆపను."

ఆవిడ నా మాట ఎప్పుడూ తీసెయ్యలేదు. ఇప్పుడూ తీసెయ్యలేదు. నూతి పక్కనున్న బట్టలుతికే రాయి మీద కూర్చుంది. కొంగు సర్దుకుంది. కళ్ళు మూసుకుని, "నా కొడకా," అంది. మామూలుగా పిలిచినట్టుంది, రాగం రాలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ అంది. కాసేపు అట్లాగే కూర్చుని కళ్ళు తెరిచింది. ఆవిడ మొహంలో సిగ్గు కనపడింది. చెప్పిన పని చెయ్యలేకపోయినందుకు ఆవిడ నా ముందు సిగ్గుపడుతోంది.

"రావట్లేదమ్మగారూ. ఎప్పట్నుంచో లేదు. మిరప కల్లంలో కాయలేరేటప్పుడు ఘాటుకి కళ్ళెమ్మట నీళ్ళు కారతయ్యిగా, అప్పుడన్నా ఒచ్చుద్దేమోనని చూశా. నీళ్ళే ఒస్తయ్యి. ఏడుపు రాదు."

అక్క లేచి వచ్చి నా మొహంలోకి పరీక్షగా చూసింది, బిడ్డకి జ్వరమేమోనని చూసినట్టు.

"మీకింకా ఉంది," అంది. "మీరు ఏడవండమ్మగారూ. నేను పాట ఎత్తన్లే."

అని వెళ్ళి, లోపలివాళ్ళెవరూ దొడ్లోకి రాకుండా గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను అదే రాయి మీద కూలబడి, ఇల్లంతా వినపడేట్టు, పేటలో ఏ ఆడదీ ఏడవనంత మోటుగా ఏడ్చాను. పాపం, తల్లి కోసం ఎట్టా ఏడుస్తుందో అని లోపల్నుంచి ఎవరో అనటం వినపడింది. అక్క కూడా అట్లాగే అనుకుంది.