మల్లేశం తెచ్చిన వయసు తగ్గించే మాత్రలు

ఈ సాయంత్రం నేతపనివాళ్లుండే డిండోలి పేట నుంచి మల్లేశం వచ్చాడు. పవర్‌లూమ్ కార్ఖానాలో మాస్టర్, పాత పరిచయం. ముసలితనాన్ని ఆపే మాత్రలట, డబ్బా నా చేతిలో పెట్టి చదవమన్నాడు. అమ్మినవాడు పంపిన వార్త ఫోన్లో చూపించాడు. ప్రయోగశాలలో ఒక మందు ఎలుకల కణాలు ముసలివి కావడాన్ని కొంత నెమ్మదించేలా చేసిందని అందులో ఉంది. మనుషుల ఊసే లేదు. ఆ మందు పేరు డబ్బా మీద లేనేలేదు.

"నూలు కొనేముందు పోగు కాల్చి వాసన చూస్తావు కదా, దీన్ని ఎలా చూశావు?" అన్నాను.

"నూలైతే కాలబెడ్తం సార్. గిదాన్నేం కాలబెట్టాలె? మా ఇంటామె లచ్చిమి జర నాలుగేండ్లు ఎక్కువ బతికితే సాలు."

"మరి ఆమె బీపీ గోలీలు?"

"పొద్దున్నుంచి బంద్ జేసింది. రెండూ కలిపి ఏసుకోవద్దన్నడు అమ్మినోడు."

ఫోన్ చేయించాను. పాత గోలీ వేసుకున్నానని ఆమె చెప్పేదాకా మల్లేశాన్ని కదలనివ్వలేదు.

మూడేళ్ల కింద నా భార్య కూడా ఇలాగే ఒక పొడిని నమ్మి బీపీ మాత్రలు మానేసింది, నెల తిరక్కుండా పోయింది. ఆ పొడి డబ్బా తెచ్చింది నేనే. దాని మీద రాసింది చదవడం నాకు వచ్చు, అయినా చదవలేదు.

మీ ఇంట్లో ఇలాంటి డబ్బా ఉందా? ఉంటే, అమ్మినవాడు ఏది మానేయమన్నాడో చెప్పండి.