నేనిచ్చిన ఐదు స్టార్లు

మా బ్లాక్ కింద ఉన్న క్లినిక్‌లో ఏమీ అడగకుండానే ఎంసీ, అంటే ఆఫీసుకు పంపే సిక్ లీవ్ కాగితం, రాసిచ్చేస్తారు. అందుకే మా ఫ్లాట్‌లో అందరం అక్కడికే వెళ్లేవాళ్లం.

ఒక సోమవారం పొద్దున, నేను అన్నా అని పిలిచే నా రూమ్మేట్ ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు.

"పెద్ద హాస్పిటల్‌కి పోదామా తమ్మీ?"

"గ్యాసే అన్నా! అక్కడ గంటలు కూర్చోబెడ్తరు. కిందికి పో, ఎంసీ కూడా వస్తది," అని ఫోన్లోంచి తలెత్తకుండానే కసిరాను.

గ్యాస్ మాత్రలతో, రెండు రోజుల ఎంసీతో తిరిగొచ్చాడు. ఆ రెండు రోజులు గడవకముందే గుండె ఆగి చనిపోయాడు.

కోపంతో ఊగిపోతూ, ఆ క్లినిక్‌ని ఉతికి ఆరేద్దామని ఫోన్లో దాని పేజీ తెరిచాను. పోయినేడు నేను రాసిన రివ్యూ కనిపించింది. ఐదు స్టార్లు. "డాక్టర్ సూపర్. ఒక్క ప్రశ్న కూడా అడగడు."

అది రాస్తుంటే పక్కన కూర్చుని నవ్వింది అన్నే.