గోడ మీద ఉల్టా తిరిగిన డీఎన్‌ఏ

మామూలు బోల్టు మర ఎటు తిరుగుతదో, డీఎన్‌ఏ మెలిక గూడ అటే తిరుగుతది. శంషాబాద్‌ల నేను బాటనీ చెప్పే కాలేజీ గోడ మీద మాత్రం ఉల్టా గీయించిండ్రు. జూన్‌ల మా కరస్పాండెంట్ సారుకు చెప్తే, స్టాఫంత ఉండంగనే నవ్విండు. “మేడం, మీకు జీతమిచ్చేది పాఠం చెప్పనీకె, గోడలు చూడనీకె కాదు.”

సరే అని పాఠమే చెప్పిన. క్లాసుకు బోల్టు తీస్కపోయి, ప్రతి పిల్ల చేతిల పెట్టి మరీ చెప్పిన.

ఇయ్యాల పేరెంట్స్ మీటింగు. పాల్మాకుల, తొండుపల్లి నుంచి గూడ తల్లిదండ్రులొచ్చిండ్రు. సారు ఆ గోడ ముందటనే మైకు పట్టుకొని, “డీఎన్‌ఏ గురించి ఎవరు చెప్తరమ్మా?” అన్నడు. ఫస్టియర్ పిల్ల ఒకామె లేచింది. “సార్, మీ ఎనక బొమ్మ ఉల్టా తిరిగింది సార్.” క్లాసు క్లాసంత “అవు సార్” అన్నది.

సారు మైకు పక్కకు పెట్టి నా దిక్కు గుర్రుగ చూశిండు. “ఏంది మేడం ఇది?”

“పాఠం సార్. జీతమిచ్చేది దానికే గద!”

డీఎన్‌ఏల ఉన్న సంగతి ఆర్‌ఎన్‌ఏ మోసుకపోతే ప్రోటీన్ తయారైతది. నా సంగతి పిల్లలు మోసుకపోయిండ్రు. ఏం తయారైందో సారు మొకంల కనవడ్డది. నేను చేసింది తప్పంటరా? అనుండ్రి, ఇయ్యాలైతే నాకు మంచిగ నిద్ర వడ్తది.