అక్క వేలానికి పెట్టిన బయాఫ్రా నోటు

పొద్దున చర్చిలో కోతల పండుగ తేదీ చదవగానే నా చూపు ముందు వరుసలో కూర్చున్న మా తోడికోడలు, నేను అక్కా అని పిలిచే ఆవిడ మీదికి పోయింది. నువ్వు రాసుకో మనవరాలా, నేను చెప్పింది చెప్పినట్టే రాయి. మా బావగారు, అంటే మీ తాతగారి అన్నగారు, నైజీరియాలో మాస్టారుగా చేసి ముక్తేశ్వరం తిరిగొచ్చినప్పుడు బంగారం తెచ్చారనుకున్నాం. అక్క తెచ్చింది ఒక ఆల్బం. అక్కడ అంతర్యుద్ధంలో విడిపోయిన బయాఫ్రా వాళ్ళు అచ్చువేసుకున్న నోట్లట. యుద్ధంలో ఓడిపోయాక అవి చిత్తుకాగితాలు. ఆ చిత్తుకాగితాలు చూడ్డానికి అమలాపురం నుంచి కాలేజీ లెక్చరర్లు వచ్చేవారు. మా ఇంటికి కొబ్బరికాయల బేరానికి తప్ప ఎవరొచ్చేవారు? కడుపు ఉడికిపోయేది. అందులో ఒక నోటు మీద సూర్యుడు, పక్కన అచ్చం మన తోటలోదే అన్నట్టు చెట్టు. కొబ్బరిచెట్టు కాదు, ఆయిల్ పామ్ అని అక్క సరిదిద్దినప్పుడల్లా అది నాదైతే బాగుండునని మరీ అనిపించేది.

కిందటేడు పండుగకి చర్చిలో కానుకల బల్ల మీద నేను గుమ్మడికాయలు పెట్టాను. పక్కన ఎవరిదో కోడిపుంజు, అరటిగెలలు. అక్క వచ్చి ఆ నోటు పెట్టింది! ఆరాధన అయ్యాక, ఎప్పటిలాగే, కానుకలన్నీ వేలం వేశారు. నోటు పైకెత్తగానే నేను వేలం పాట మొదలెట్టాను. అక్క చెప్పకుండా తెచ్చేసిందేమో, బావగారు కంగారుగా లేచి పెంచారు. నేనూ పెంచాను. పాట కోడిపుంజుని దాటి ఎక్కడికో పోయింది.

మీ తాతగారు నా చెంగు లాగారు. "ఏమేవ్, ఆ డబ్బుకి మేకపోతొస్తుందే!"

"మేకపోతుని చూడ్డానికి లెక్చరర్లు రారండీ."

చర్చంతా నవ్వు. బావగారు కూర్చుండిపోయారు. "ఆయ్, మీరే తీసుకోండమ్మా."

బయటికొచ్చాక, కాస్త ఏడుస్తుందేమోనన్న ఆశతోనే అక్కని అడిగాను. "అంత మంచి నోటు ఎలా వదులుకున్నారక్కా?"

"అక్కడ మా పక్కింటావిడ ఇచ్చిందే. యుద్ధంలో ఇద్దరు పిల్లలు పోయేరు ఆవిడకి. మా పెద్దాడు పుట్టినప్పుడు నాకు నీళ్ళు పోసింది ఆవిడే. వచ్చేసే రోజు చేతిలో పెట్టింది. దేవుడికివ్వడానికి నా దగ్గర అంతకంటే ఇష్టమైందేవుంది?"

నోటిప్పుడు మన బీరువాలో ఉంది. తీసి చూస్తే చెట్టూ కనబడదు, సూర్యుడూ కనబడడు. ఎక్కడో పరాయి ఊళ్ళో అక్క వీపు మీద వేడినీళ్ళు పోస్తున్న ఆ మనిషే కనబడుతుంది. అలాంటి మనిషి నాకెవరున్నారు? మళ్ళీ కడుపు ఉడుకుతుంది. పట్టుబట్టి ఏదైనా పాడుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు గానీ, ఇంకొకరు బతికొచ్చిన ఏళ్ళని ఎలా తెచ్చుకుంటాం?