మడి చెప్పులు

కొల్లేటి గురించి రాసినవాళ్ళు కొంగల గురించి రాశారు, వరదల గురించి రాశారు, గట్ల తగాదాల గురించి మరీ విపులంగా రాశారు. కోదండరామయ్యగారు చెప్పులు విడిచే పద్ధతి గురించి మాత్రం ఇంతవరకూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. ఈ లోటు ఇప్పుడైనా తీర్చకపోతే రాబోయే తరాలు మనల్ని క్షమించవు.

ఇంటి ముందూ గుడి ముందూ చెప్పులు విడవడం అందరూ చేసేదే. అందులో చరిత్ర లేదు. కోదండరామయ్యగారు అక్కడితో ఆగలేదు. ఏటీఎం బయట చెప్పులు విడిచి, లోపలికెళ్ళి డబ్బు తీసుకుని, మిషనుకి వీపు చూపించకుండా వెనక్కి నడిచొచ్చి మళ్ళీ చెప్పులు తొడుక్కున్న మొదటి మనిషి ఆ చుట్టుపక్కల ఆయనే. చల్లగాలి వచ్చే గదిలో ఎవరో ఒక పెద్దమనిషి ఉండి తీరతారన్నది ఆయన సిద్ధాంతం. కనబడనంత మాత్రాన లేరనుకోవడం పొగరు. బ్యాంకు మేనేజరు ఫోను చేస్తే చేపల చెరువు గట్టు మీదైనా సరే, చెప్పులు విడిచాకే "చెప్పండి సార్" అనేవారు. ఆయన చెరువు కొల్లేట్లో ఉందా, కొల్లేరే ఆయన చెరువులో ఉందా తేల్చడానికి సర్వేవాళ్ళొచ్చి గట్టు మీద డేరా వేసుకుంటే, సొంత గట్టు మీది ఆ డేరా బయట కూడా చెప్పులు విడిచి లోపలికెళ్ళి నిలబడ్డారు. సర్వేలో ఏమీ తేలలేదు. ఎడమకాలి చెప్పు కుక్క ఎత్తుకుపోయింది.

నిజానికి ఆయన పాదాలకు చెప్పులతో పెద్దగా పనీ లేదు. పడుచుతనం నుంచీ గట్ల మీది బురదలో తిరిగి తిరిగి అవి తెడ్లలా వెడల్పయ్యాయి. వేళ్ళు పంపకాలయిన అన్నదమ్ముల్లా ఎవరికి వారు ఎడమెడంగా నిలబడ్డాయి. బురదలో ఆయన ఏనాడూ జారలేదు. జారింది ఏలూరులో, చేపల మేత కంపెనీవాళ్ళ కొత్త ఏసీ ఆఫీసులో. చెప్పులు గుమ్మం బయట విడిచి, అప్పుడే తడిగుడ్డ పెట్టిన నున్నటి రాతినేల మీద భక్తిగా కాలుపెట్టారు. తుంటి విరిగింది.

ఏలూరులోనే ఓ ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. అది సజావుగానే జరిగింది. అసలు గొడవ మర్నాడు మొదలైంది. వ్యాయామం చేయించే మానస అనే అమ్మాయి వాకరు నెట్టుకుంటూ వచ్చి, "తాతగారూ, లేచి నడుద్దామండీ. చెప్పులేవి?" అంది.

"మేత ఆఫీసు గుమ్మం దగ్గరున్నాయమ్మా. పడ్డరోజు విడిచినవి."

"అయితే అక్కడే ఉండనివ్వండి. మీకిప్పుడు వేరేవి కావాలి. వెనకవైపు మూసుండి మడమని పట్టి ఉంచాలి. అడుగు నేలని కరుచుకోవాలి. మీరు వంగకూడదు కాబట్టి లేసులొద్దు, అతికించే పట్టీలుండాలి. సాయంత్రానికి పాదాలు వాస్తాయి, ఆ కొలతకే కొనమనండి."

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, గదిలో చెప్పులెందుకమ్మా? ఏసీ గది కదా!"

ఏసీకీ చెప్పులకీ సంబంధమేమిటో మానసకు బోధపడలేదు. కోదండరామయ్యగారి భార్య అచ్చాయమ్మగారికి బోధపడింది. ఆవిడ తల పట్టుకుంది.

డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు: కాళ్ళకు సరైనవి తొడుక్కుని, మనిషి పట్టుకోకుండా, వాకరుతో బాత్రూముకెళ్ళి వచ్చిన రోజున ఇంటికి పంపుతాను, ఈలోగా మళ్ళీ పడితే మాత్రం మంచం మీదే ఉండిపోతారు. కోదండరామయ్యగారికి ఇల్లు చేరడం ఎంత ముఖ్యమో, మంచం కిందున్న బెడ్‌ప్యాను తప్పించుకోవడం అంతకన్నా ముఖ్యం. జన్మలో ఒకరి ముందు చెప్పులతో నిలబడని మనిషి, భార్య ఆ పళ్ళెం పట్టుకొచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకుని ఫ్యానుకు దణ్ణం పెట్టుకునేవారు. ఫలితం మాత్రం పెద్దగా ఉండేది కాదు.

చెప్పుల బాధ్యత తాడేపల్లిగూడెంలో రైసుమిల్లున్న బావమరిది పాండురంగారావు నెత్తినేసుకున్నాడు. మొదటిసారి బూరులాంటి మెత్తటి చెప్పులు తెచ్చాడు. ఒక్కోదాని మీద ఒక్కో కుందేలు తల.

"మెత్తగా ఉంటాయని తెచ్చానండీ, బావగారూ."

"కుందేళ్ళ నెత్తిన కాళ్ళు పెట్టమంటావేంటయ్యా? మీ గూడెంలో మనుషుల చెప్పులు అమ్మరా?"

మానస ఒకదాన్ని తిరగేసి అడుగున వేలు రాసి చూసింది. "ఇవేసుకుంటే వాకరు కన్నా ముందు తాతగారే వెళ్ళిపోతారండీ" అని తిరిగిచ్చింది.

రెండోసారి పరుగుపందెం బూట్లు వచ్చాయి. వాటికి లేసులున్నాయి. "లేసులొద్దని ఆ అమ్మాయి చెప్పిందిరా!" అని అచ్చాయమ్మగారు విసుక్కుంది. "ఖరీదైన వాటన్నిటికీ లేసులే ఉన్నాయి అక్కయ్యా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు పాండురంగారావు, దేశంలో బూట్ల పరిశ్రమ తన మాట వినడం లేదన్నంత బాధగా. మూడోసారి మాత్రం బుద్ధిగా సాయంత్రం వచ్చి, వాచిన పాదం చుట్టూ న్యూస్‌పేపరు మీద గీత గీసుకెళ్ళాడు. షాపులో ఆ గీత చూసి, ఇది పాదమా, పొలం పటమా అని అడిగారట. ఎలాగైతేనేం, వెనక మూసి, పైన అతికించే పట్టీలతో, అడుగున గరుకు రబ్బరుతో నల్లటి జత దొరికింది.

మానస వంగి ఆయన కాలికి పట్టీ బిగించబోయింది. ఆడపిల్ల కాళ్ళ దగ్గర వంగేసరికి కోదండరామయ్యగారి చెయ్యి దానంతటదే లేచింది. "శీఘ్రమేవ కల్యాణ ప్రాప్తిరస్తు!"

"నాకిద్దరు పిల్లలండీ, తాతగారూ."

"అయ్యో. అయితే దీర్ఘసుమంగళీభవ."

"ఆమెన్ అండీ. ఆ రెండో కాలు ఇటివ్వండి."

రెండో కాలు ఇచ్చారు, నేల మీద మాత్రం ఆనించలేదు. నాలుగు వైపులా చూసి, ఏసీ వైపు ఇంకాస్త ఎక్కువసేపు చూసి, "ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?" అన్నారు.

అప్పుడు అచ్చాయమ్మగారి నోటి వెంట శాస్త్రాలకే కొత్తయిన మాట వచ్చింది. "ఏవండీ, ఇవి ఉత్త చెప్పులు కాదండీ. మడి చెప్పులు."

"మడి చెప్పులేంటే?"

"అట్టపెట్టెలోంచి తిన్నగా మంచం మీదికొచ్చాయి. వీధి మొహం చూడలేదు, చూడవు కూడా. మడిబట్ట ఎలాంటిదో ఇవీ అలాంటివే."

చెప్పుకూ మడికీ ఉన్న వైరం చిన్నది కాదు. చెప్పు తగిలితే మడి పోతుందని తెలిసిన ఇంట్లో చెప్పుకే మడి కట్టించడం సామాన్యులకు సాధ్యమయ్యే పని కాదు. కోదండరామయ్యగారు తలూపారు, కాళ్ళు నేల మీద పెట్టారు. గది ఆ చివరినుంచి ఈ చివరికి నడిచారు. డాక్టరుగారు వచ్చినప్పుడు లుంగీ కాస్త కిందికి లాగి పాదాలు కప్పారు గానీ, విడవలేదు. మిగతా ముగ్గురూ నిశ్చింతగా ఊపిరి పీల్చుకున్నారు.

తొందరపడ్డారు. సాయంత్రం ఆయన వాకరుతో బాత్రూము గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, ఒక కాలితో రెండో కాలి మడమ నొక్కి, రెండు చెప్పులూ శ్రద్ధగా ఇవతల విడిచి, ఉత్తకాళ్ళతో తడినేల మీద అడుగుపెట్టారు. వాకరు ఒకవైపు, కాలు ఇంకోవైపు వెళ్ళాయి. గోడకున్న కమ్మీ చేతికందింది కాబట్టి సరిపోయింది. అచ్చాయమ్మగారి కేకకు నర్సులూ మానసా పరుగెత్తుకొచ్చారు.

"విప్పేశారేంటండీ! బాత్రూములో పడతారనే కదా అవి తెప్పించింది!" అంది మానస, ఆయన భుజం పట్టుకుని.

"మడి చెప్పులమ్మా. అక్కడికెలా తీసుకెళ్తాను?"

పాండురంగారావు, "అక్కయ్యా, శాస్త్రం నువ్వే రాశావు. నువ్వే దిద్దు" అన్నాడు. అచ్చాయమ్మగారు దిద్దింది. ఆ బాత్రూము పూటపూటా ఫినాయిలుతో కడుగుతారు కాబట్టి మన వంటింటి కన్నా మడి అంది. ఆయన ఒప్పుకోలేదు. గుమ్మం దగ్గర ఇంకో జత పెడదామన్నాడు పాండురంగారావు. గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి చెప్పులు మార్చుకోవడం కన్నా తిన్నగా పడిపోవడం సులువని మానస అంది. డాక్టరుగారు ఇంటి ఊసు ఆపేశారు. పళ్ళెం మళ్ళీ మంచం కిందికి చేరింది. కోదండరామయ్యగారు గోడవైపు తిరిగి పడుకుని, "ఇంక ఇంటికెళ్ళనేమోనే" అన్నారు. ఆ మాటలో మాత్రం పరిహాసానికి చోటు లేదు. అచ్చాయమ్మగారు పైటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఉన్నట్టుండి లేచి కూర్చున్నారు. ఎవరినీ పిలవలేదు. మంచం పక్కనే పట్టీలు తెరిచి ఉంచిన చెప్పుల్లో కాళ్ళు దూర్చి, "పట్టీలే, పట్టీలు!" అన్నారు. భార్య అతికించింది. వాకరు పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా గది దాటి, గుమ్మం దగ్గర ఒక్క క్షణం కూడా ఆగకుండా, చెప్పులతోనే లోపలికి నడిచి తలుపేసుకున్నారు. వచ్చేటప్పుడూ అంతే నిలకడగా వచ్చారు. మధ్యాహ్నానికి డాక్టరుగారు ఇంటికి పంపడానికి ఒప్పుకున్నారు.

ఈ ఘనకార్యం ఎవరిదన్న విషయంలో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. తాను దిద్దిన శాస్త్రం ఆయనకు మెల్లగా తలకెక్కిందని అచ్చాయమ్మగారు అంటుంది. తన ఎంపిక అలాంటిదని పాండురంగారావు గూడెంలో చెప్పుకుంటున్నాడు. ప్రార్థన చేశానండీ అంది మానస. కోదండరామయ్యగారు ఏమీ అనరు.

ఆ ముందురోజు రాత్రి భోజనమయ్యాక నర్సు ఆయనకు విరేచనం మందు పోసింది.