రేపల్లె నుంచి బాపట్లకు విదేశయాత్ర

రిటైరయ్యాక తెనాలిలో మా మేడమీది గదిలో ఇంగ్లీషు చెబుతున్నాను. ప్రయాణాల్లో పనికొచ్చే జంట మాటలు నా ప్రత్యేకత. గెట్ ఆన్ అంటే ఎక్కడం, గెట్ ఆఫ్ అంటే దిగడం, సెట్ ఆఫ్ అంటే బయల్దేరడం. ఇలాంటివి నలభై ఏరి జాబితా రాసుకున్నాను. రాసిన నేను మాత్రం విమానం దగ్గరికి కూడా వెళ్ళిన మనిషిని కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కిందటేడు రేపల్లె నుంచి ఒక పూజారిగారు వచ్చారు. యాభై దాటిన మనిషి. పరాయి దేశంలో ఒక గుడివాళ్ళు ఆర్నెల్లు అర్చకత్వానికి రమ్మన్నారట. ఒంటరి ప్రయాణం, మధ్యలో విమానం మారాలి. రెండు నెలల్లో మాట చెప్పాలి. కుదరదంటే ఇంకొకరిని పిలుచుకుంటారు. వెళ్ళాలని ఆయనకు ప్రాణం కొట్టుకుపోతోంది. తప్పిపోతానేమోనని భయం.

"మాస్టారూ, మీరు విమానం ఎక్కారాండి?" అని మొదటిరోజే అడిగారు.

"చాలాసార్లండి," అన్నాను. అరచేతిలో వైకుంఠం చూపించడం మొదలుపెట్టాక కాస్త తగ్గించి చూపించడం ఎందుకు?

ఆయన చదువు పద్ధతి వేరు. చిన్నప్పుడు వేదం సంత చెప్పుకున్నట్టే, నేనొకసారి అంటే ఆయన రెండుసార్లు అనేవారు. పదిహేను రోజుల్లో నలభై మాటలూ స్వరంతో సహా వచ్చేశాయి. నాకు గర్వంగా కూడా అనిపించింది. తీరా "రైలు దిగాలంటే ఏమంటారు పంతులుగారూ?" అని అడిగితే, కళ్ళు మూసుకుని మొదటినుంచి అందుకునేవారు. ఆ మాట వచ్చేసరికి స్టేషనే దాటిపోతుంది. నేను విసుక్కున్నాను. ఆయన చిన్నబుచ్చుకున్నారు.

గడువు సోమవారమనగా శనివారం ఒక ఉపాయం చేశాను. ఇద్దరం రేపల్లెలో రైలెక్కడం, తెనాలిలో మారడం, బాపట్లలో దిగడం. విమానం మారడమూ ఇంతేనని చెప్పాను. తెలుగు మాట్లాడకూడదు, ఆయన ఫోన్ నా సంచిలో ఉండాలి, ఎవరి టిక్కెట్టు వారి దగ్గరుండాలి. నియమాలన్నీ నావే.

తెనాలి దాకా బాగానే సాగింది. బాపట్ల బండికి టైముందని నేను టీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. అక్కడ పాత శిష్యుడొకడు కనిపించి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఇక నాకు ఒళ్ళు తెలుస్తుందా? బండి వచ్చింది, ఆయన ఎక్కారు, బండి కదిలింది. నేను గ్లాసుతో అక్కడే ఉన్నాను.

ఆయన గుమ్మంలో కమ్మీ పట్టుకుని నన్ను చూశారు. దూకుతారేమోనని గ్లాసు పక్కన పడేసి ముందుకొచ్చాను.

"దిగొద్దు పంతులుగారూ, దిగొద్దు!" అని తెలుగులోనే అరిచాను.

"గెట్ ఆన్ సార్! గెట్ ఆన్!" అని ఆయన అరిచారు. కళ్ళు మూసుకోలేదు, మొదటినుంచి చదవలేదు. నేను పరిగెత్తాను గానీ నా మోకాళ్ళకు అంత ఇంగ్లీషు రాదు.

తర్వాతి బండి గంటన్నరకు వచ్చింది. దారి పొడుగునా సంచిలో ఆయన ఫోన్‌ను తడుముకుంటూ కూర్చున్నాను. ఆయనకేమైనా అయితే ఆ పాపం నాదే.

బాపట్లలో ఆయన బెంచీమీద పులిహోర డబ్బా తెరిచి కూర్చుని ఉన్నారు. సగం నాకు ఉంచారు.

"వచ్చారా మాస్టారూ! ముందు తినండి," అన్నారు.

డబ్బా పక్కన పెట్టాను. "నేనెప్పుడూ విమానం ఎక్కలేదండి. అబద్ధం చెప్పాను," అన్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆయన తాపీగా చెయ్యి కడుక్కున్నారు. "నాకు పెళ్ళి కాకముందే మా నాన్నగారి పక్కన కూర్చుని బోలెడు పెళ్ళిళ్ళు చేయించానండి. ఆ మొగుడూ పెళ్ళాలు బానే ఉన్నారు. మీరు కంగారు పడకండి."

సోమవారం ఆయన వస్తున్నానని గుడివాళ్ళకు కబురు చేశారు.

బయల్దేరిన మర్నాడు, విమానం మారే ఊరినుంచి ఫోన్ చేశారు. వెనక ఏవేవో భాషల్లో ప్రకటనలు వినిపిస్తున్నాయి. గొంతులో భయం లేదు.

"రెండోది ఎక్కబోతున్నానండి మాస్టారూ. ఇక్కడంతా మీరు చెప్పినట్టే ఉంది. మరి మీరెప్పుడు ఎక్కుతారండి?"

నలభై మాటల జాబితా నా ఎదురుగానే ఉంది. పెన్సిలు తీసుకుని అందులో సెట్ ఆఫ్ కింద గీత గీశాను.